ఈమ్ గ్రామ దేవాలయము: తెగులు నాటి కాపరత్వము, గ్రామ వారసత్వము – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు మన సంఘకాపరుల ముందు నిలిచిన ప్రశ్న వైద్యులు జవాబు చెప్పగలిగినది కాదు. ఆలయ తలుపులు మూయవచ్చునా? ఆ ఏడాది ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగను విశ్వాసులు ఇండ్లలోనే ఆచరించారు. అనేక చోట్ల కాపరులు తమ సంఘస్థుల భూస్థాపనకు సైతం వెళ్లలేకపోయారు. తలుపులు మూయుట అవిశ్వాసమని కొందరు, తెరచుట ప్రేమలేనితనమని మరికొందరు వాదించారు.

ఈ ప్రశ్న సంఘమునకు క్రొత్తది కాదు. 1666వ సంవత్సరంలో ఇంగ్లాండ్ దేశపు కొండ ప్రాంతములో ఒక గ్రామ సంఘము దీనిని ఎదుర్కొన్నది. ఆ గ్రామము పేరు ఈమ్. డెర్బీషైర్ జిల్లాలో, షెఫీల్డ్ నగరమునకు నైరుతి దిక్కున, పీక్ డిస్ట్రిక్ట్ అను కొండసీమలో ఉన్నది. అక్కడి పరిశుద్ధ లారెన్స్ దేవాలయము మధ్యయుగములనాటిది. ఆ ఆలయమును, చుట్టునున్న గ్రామమును ఒక సందర్శకుడు చూచే క్రమములో పరిశీలించి, అక్కడి రాళ్లు, రిజిస్టరు, జనశ్రుతి అను మూడు సాక్ష్యములను వేరువేరుగా చదివి, నేటి కాపరత్వమునకు వాటి నుండి ఏమి గ్రహించగలమో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. ఆలయ ఆవరణ

ఆలయములోనికి వెళ్లకముందే సందర్శకుని ఆపేది ఆవరణలోని రాతి శిలువ. ఇది ఆంగ్లో-సాక్సన్ కాలమునాటిది. సుమారు 8వ శతాబ్దమునకు చెందినదని సాధారణముగా చెప్తారు. అంటే ఇప్పుడున్న ఆలయ భవనముకంటె ఎన్నో వందల ఏండ్లు పాతది. దాని మీద ద్రాక్షావల్లి తీగెలు, దేవదూతల ఆకారములు చెక్కబడి ఉన్నవి. మధ్య కంబములో కొంత భాగము పోయినది గనుక ఇప్పుడు అది అసలు ఎత్తుకంటె పొట్టిగా కనబడుతుంది. మొదట ఈ శిలువ ఆలయము వద్ద లేదు. కొండ మీది బండ్లబాట ప్రక్కన ఉండి, తరువాతి కాలములో ఇక్కడికి తేబడినది. ఈ శిలువ బాట ప్రక్కన నిలిచిన రోజుల్లో అనేక గ్రామాలకు ఆలయ భవనములు ఇంకా లేవు. అట్టి చోట్ల ప్రజలు శిలువ చుట్టూ కూడుకొని వాక్యము వినేవారు. మన పల్లెల్లో తొలితరము విశ్వాసులు చింతచెట్టు క్రింద కూడుకొన్న జ్ఞాపకము గలవారికి ఇది సులువుగా అర్థమవుతుంది.

శిలువకు సమీపముననే క్యాథరిన్ మొంపెస్సన్ సమాధి ఉన్నది. ఆమె ఆనాటి కాపరి భార్య. 1666 ఆగస్టులో, 27 ఏండ్ల వయస్సులో, తెగులు సోకి మరణించింది. ఆ తెగులులో చనిపోయి ఈ ఆవరణలో గుర్తుగల సమాధి కలిగిన కొద్దిమందిలో ఆమె ఒకరు. మిగిలిన వందలాదిమంది ఎందుకు ఇక్కడ లేరన్నది మున్ముందు చూస్తాము.

ఆలయపు గోడ మీద 1775వ సంవత్సరపు సూర్యగడియారము ఉన్నది. దాని మీద స్థానిక సమయముతోపాటు దూరదేశ పట్టణముల సమయమును సైతం లెక్కించుటకు గీతలు, పేర్లు చెక్కారు. ఒక కొండ గ్రామము లోకమును ఎంత దగ్గరగా చూడనారంభించిందో దీనివలన తెలుస్తుంది.

2. ఆలయము లోపల

ప్రస్తుత భవనము ప్రధానముగా 13, 14 శతాబ్దములది. అయితే లోపల అంతకంటె పాత ఆనవాళ్లు ఉన్నవి. సాక్సన్ కాలపుదిగా చెప్పబడే బాప్తిస్మపు తొట్టి, నార్మన్ కాలపు స్తంభములు, ఒక కిటికీ ఇందుకు ఉదాహరణలు. గోపురము 17వ శతాబ్దములో తిరిగి కట్టబడినది. 19వ శతాబ్దములో మరల పెద్ద మరమ్మతులు, విస్తరణ జరిగినవి. కనుక దీనిని ఏదో ఒక్క తేదీ గల కట్టడముగా చూడరాదు. ప్రతి తరము తన అవసరమును, తన విశ్వాసమును దీని మీద వ్రాసి వెళ్లింది.

గోడల మీద ఇశ్రాయేలు గోత్రముల చిహ్నములతో వేయబడిన చిత్రములు మిగిలి ఉన్నవి. ఇవి సంస్కరణ కాలము తరువాతివి. మధ్యయుగ ఆలయములలో పరిశుద్ధుల చిత్రములు ఉండేవి. సంస్కరణ వచ్చిన తరువాత ఇంగ్లాండ్‌లో వాటిపై సున్నము పూసి, లేఖన వాక్యములను, పాత నిబంధన సంకేతములను వ్రాయించారు. దైవశాస్త్రములో వచ్చిన మార్పు ముందుగా గోడ మీద కనబడుతుందనుటకు ఇది మంచి నిదర్శనము.

ఈ గ్రామస్థులు వ్యవసాయముతోపాటు సీసపు గనుల మీద ఆధారపడినవారు. పూర్వాచారము ప్రకారము గని నుండి తీసిన ముడిసీసము మీద కొంత రాబడి కాపరికి చెందేది. గనులు బాగా పండిన కాలములో ఈమ్ కాపరి ఆదాయము పెద్దదే. అందువలన ఈ పదవి కొరకు రాజకీయ ఒత్తిళ్లు కూడ ఉండేవి. 1640లలో రాజునకు, పార్లమెంటునకు మధ్య జరిగిన అంతర్యుద్ధములో ఈ ఆలయ కాపరి షెర్లాండ్ ఆడమ్స్ రాజపక్షము వహించి పదవి పోగొట్టుకొన్నారు. ఆయన స్థానములో 1644లో ప్యూరిటన్ బోధకుడైన థామస్ స్టాన్లీ వచ్చారు.

ఆలయములో 1985లో అమర్చిన రంగుటద్దాల కిటికీ తెగులు కథను చిత్రములుగా చెప్తుంది. మొంపెస్సన్ కుర్చీ అని పిలువబడే పాత చెక్క కుర్చీ, తెగులులో మరణించినవారి పేర్ల పట్టిక కూడ ఇక్కడ సందర్శకులు చూడవచ్చును.

3. తెగులు వచ్చిన విధము

1665లో లండన్ నగరములో ప్లేగు తీవ్రముగా ఉన్నది. ఆ ఏడాది వేసవి చివర ఈమ్‌లోని ఒక దర్జీ ఇంటికి లండన్ నుండి బట్టల మూట వచ్చిందని, ఆ ఇంట పనిచేయు జార్జి వికర్స్ అనువాడు తడిసిన ఆ బట్టలను నిప్పు వద్ద ఆరబెట్టగా అందులోని చిన్న పురుగుల ద్వారా తెగులు అంటిందని గ్రామ సంప్రదాయము. సెప్టెంబరు 7న అతని భూస్థాపన జరిగినట్లు నమోదైనది. ఆలయము ప్రక్కనే ఉన్న ఆ ఇండ్లను నేటికిని ‘ప్లేగు ఇండ్లు’ అని పిలుస్తారు. ఏ ఇంట ఎవరెవరు చనిపోయారో తెలుపు పలకలు వాటి ముందు ఉన్నవి. వాటిలో కుటుంబమంతా తుడిచిపెట్టుకుపోయిన పేర్లను చదువుతూ నడువవలసి వస్తుంది.

చలికాలములో తెగులు కొంత తగ్గినది. 1666 జూన్ నుండి మరల విజృంభించినది. ఆగస్టు నెలలోనే 70మందికి పైగా మరణించారు. గ్రామము వెలుపల పొలములో ‘రైలీ సమాధులు’ అను చిన్న రాతి ప్రహరీ ఉన్నది. ఎలిజబెత్ హాంకాక్ అను స్త్రీ ఆ ఆగస్టులో ఎనిమిది దినములలో తన భర్తను, ఆరుగురు పిల్లలను కోల్పోయి, ఎవ్వరి సహాయము లేక వారిని అక్కడ పాతిపెట్టినదని చెప్తారు. నవంబరు ఆరంభముతో మరణములు ఆగినవి. తన పరిధిలో 76 కుటుంబములకు తెగులు సోకిందని, 259మంది మరణించారని కాపరి విలియం మొంపెస్సన్ 1666 నవంబరు 20న ఒక లేఖలో తెలిపారు.

4. ఇద్దరు కాపరులు

ఈ కథలో వేదాంత విద్యార్థులు ముఖ్యముగా గమనింపదగినది ఇద్దరు బోధకుల సంబంధము. రాజరికము తిరిగి వచ్చిన 1660 తరువాత షెర్లాండ్ ఆడమ్స్ తన స్థానమును తిరిగి పొందారు. 1662లో ఏకరూపతా చట్టము వచ్చింది. సామాన్య ప్రార్థనా గ్రంథమునకు సంపూర్ణ సమ్మతి తెలుపనివారు పదవి వదలుకోవలసి వచ్చింది. 1660 నుండి 1662 వరకు ఇంగ్లాండ్, వేల్స్‌లలో సుమారు 2,000మంది సేవకులు ఈ విధముగా వెలుపలికి పోయారు. వారిలో స్టాన్లీ ఒకరు. 1664లో ఆడమ్స్ మరణించగా యౌవనస్థుడైన మొంపెస్సన్ కాపరిగా నియమింపబడ్డారు.

అంతటితో ఆగలేదు. 1665లో చేయబడిన ‘ఐదు మైళ్ల చట్టము’ ప్రకారము, పదవి కోల్పోయిన సేవకుడు ప్రమాణము చేయకుండ తన పూర్వ సంఘమునకు ఐదు మైళ్ల లోపల నివసింపరాదు. అయినను స్టాన్లీ ఈమ్‌లోనే ఉన్నారు. గ్రామస్థులలో అనేకుల హృదయములు ఆయనతోనే ఉన్నవి. క్రొత్త కాపరికి పదవి ఉన్నది కాని ప్రజల నమ్మిక ఇంకా పూర్తిగా దొరకలేదు. పాత కాపరికి నమ్మిక ఉన్నది కాని చట్టము ఆయనను నేరస్థునిగా ఎంచుతున్నది. మన సంఘములలో కాపరి బదిలీ అయినప్పుడు పుట్టే రెండు వర్గములను ఎరిగినవారికి ఈ పరిస్థితి వివరింపనవసరము లేదు.

ఈ ఇద్దరు కలిసి పనిచేశారని సంప్రదాయము చెప్తుంది. పదవి పోయిన సేవకుల చరిత్రను సమకూర్చిన ఎడ్మండ్ కాలమీ స్టాన్లీ గూర్చి వ్రాస్తూ, తెగులు తరువాత కొందరు ఆయనను గ్రామము నుండి పంపివేయవలెనని డెవన్‌షైర్ ప్రభువును కోరగా, ఆయన అందుకు అంగీకరించక, స్టాన్లీ చేసిన మేలును ఎత్తి చూపారని నమోదు చేశారు. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే మరణించారు. ఆయన స్మారకము ఆలయ ఆవరణలో ఉన్నది. ఒకప్పుడు ఆయనను వెలుపలికి పంపిన సంఘపు ఆవరణలోనే అది ఉండుట గమనార్హము.

5. మూడు నిర్ణయములు

1666 వేసవిలో ఈమ్ తీసుకొన్న నిర్ణయములు మూడు. వాటి గుర్తులు గ్రామము చుట్టు నేటికిని ఉన్నవి.

మొదటిది, ఆలయ ఆవరణలో భూస్థాపనలు ఆపివేయుట. ప్రతి కుటుంబము తన మృతులను తన తోటలోనో పొలములోనో పాతిపెట్టవలెను. ప్రార్థన విధి లేకుండ, పవిత్రపరచబడిన భూమి కాని చోట పాతిపెట్టుట ఆనాటి విశ్వాసులకు ఎంత వేదన కలిగించి ఉంటుందో మనము ఊహించగలము. క్యాథరిన్ సమాధి చుట్టు ఇతరుల సమాధులు లేకపోవుటకు కారణము ఇదే.

రెండవది, ఆలయ తలుపులు మూసి వెలుపల ఆరాధించుట. గ్రామమునకు దగ్గరలో కక్లెట్ డెల్ఫ్ అను పచ్చని లోయ ఉన్నది. అక్కడి సున్నపురాతి గుహముఖము ప్రసంగపీఠమైనది. ప్రజలు కుటుంబము కుటుంబముగా దూరదూరముగా గడ్డి మీద నిలిచేవారు. ఆలయము మూయబడినది గాని ఆరాధన ఆగలేదు.

మూడవది, ఎవరును గ్రామము విడిచి వెళ్లకుండుట. ప్రక్క గ్రామమైన స్టోనీ మిడిల్టన్‌కు వెళ్లు దారిలో ‘సరిహద్దు రాయి’ ఉన్నది. దాని పైభాగమున ఆరు గుంటలు తొలచబడి ఉన్నవి. ఆ గుంటలలో చిరక పోసి అందులో నాణెములు ఉంచేవారు. చిరక తెగులును పోగొట్టునని వారి నమ్మకము. పొరుగువారు ఆహారము అక్కడ పెట్టి నాణెములు తీసుకొని వెళ్లేవారు. గ్రామమునకు ఉత్తరముగా ‘మొంపెస్సన్ బావి’ అనబడే నీటి ఊట వద్ద కూడ ఇట్లే జరిగేది. చాట్స్‌వర్త్‌లో నివసించు డెవన్‌షైర్ ప్రభువు సరుకులు పంపించారని చెప్తారు. ఇది ముఖ్యమైన విషయము. లోపల ఉన్నవారు కదలక ఉండగలిగినది వెలుపల ఉన్నవారు పోషించుటవలననే. ఆకలితో ఉన్నవారికి ‘ఇంట ఉండుము’ అను బోధ నిలువదు.

6. జనశ్రుతి, చరిత్ర: ఒక విమర్శ

ఇంతవరకు చెప్పినది సందర్శకునికి గ్రామములో వినిపించు కథ. పరిశోధకుడు ఇక్కడ ఆగరాదు. చరిత్రకారుడు పాట్రిక్ వాలిస్ 2006లో ప్రచురించిన వ్యాసములో ఈ కథ కాలక్రమములో ఏ విధముగా పెరిగినదో చూపించారు. తెగులు కాలమునాటి వ్రాతలు కొద్దివే. మొంపెస్సన్ లేఖలు మూడు మాత్రమే ప్రసిద్ధము. 1720లలో వైద్యుడు రిచర్డ్ మీడ్ దీనిని అంటువ్యాధి నివారణకు ఉదాహరణగా వాడిన తరువాతనే కథ వ్యాపించింది. 1842లో విలియం వుడ్ వ్రాసిన గ్రామ చరిత్రలో అనేక కుటుంబ గాథలు చేరినవి. 18, 19 శతాబ్దముల పాఠకులకు కావలసిన వీరత్వము, విషాద ప్రేమ ఇందులో వచ్చి కలిసినవి.

కొన్ని కఠినమైన ప్రశ్నలు కూడ ఉన్నవి. తెగులు ముదరకముందే కలిగిన కుటుంబములు కొన్ని వెళ్లిపోయినవి. మొంపెస్సన్ సహితము తన ఇద్దరు పిల్లలను ముందుగానే గ్రామము దాటించారు. తెగులు సోకినవారిని బలవంతముగా నిర్బంధించుటకు 1604 నాటి చట్టము అధికారులకు అధికారము ఇచ్చియున్నది. కాబట్టి అందరును సమానముగా, స్వచ్ఛందముగా త్యాగము చేశారని చెప్పుట సులువు కాదు. 19వ శతాబ్దపు చివర అంటువ్యాధుల చరిత్రకారుడు ఛార్లెస్ క్రైటన్ ఈ నిర్ణయము గ్రామస్థులకు మేలు చేసినదా అని సందేహించారు. చనిపోయినవారి శాతము విషయములోను భేదమున్నది. జనాభా 350 అని పాత లెక్క. ఇటీవలి పరిశోధనలు అది సుమారు 700 లేక అంతకు పైగా ఉండెనని చెప్తున్నవి.

2016లో లిలిత్ విటిల్స్, జేవియర్ డిడెలాట్ అను పరిశోధకులు ఈమ్ మరణముల నమోదును గణితపద్ధతిలో పరిశీలించి, సుమారు నాలుగింట మూడు వంతుల సోకుడు మనుష్యుని నుండి మనుష్యునికి జరిగిందని, అందులో ఒకే ఇంటివారి మధ్య సోకుటకు పెద్ద భాగము ఉన్నదని అంచనా వేశారు. ఎలుకల మీది పురుగుల వలననే సోకెనను పాత అభిప్రాయమునకు ఇది భిన్నమైనది. ఈ పరిశోధన ఎట్లు సాధ్యమైనది? మృతుని పేరు, తేదీ ఆలయ రిజిస్టరులో వ్రాయబడినందువలన. శవములు పాతిపెట్టు మనుష్యులు దొరకని రోజుల్లో ఆ పేర్లు నమోదైనవి. మూడున్నర శతాబ్దముల తరువాత వైద్యశాస్త్రమునకు ఆ పుస్తకము ఉపయోగపడినది.

ఇంత విమర్శ తరువాత ఏమి మిగిలినది? కాపరి పారిపోలేదు, ఆయన భార్యయు వెళ్లలేదు. ఆరాధన స్థలము మారినది గాని ఆరాధన మిగిలినది. పొరుగు ఊళ్ల క్షేమము కూడ సంఘము బాధ్యతయేనని ఎంచబడినది. మొంపెస్సన్ తన పిల్లలను పంపివేసిన తండ్రి కూడ అని చెప్పినందువలన ఈ సాక్ష్యము తగ్గదు. నిష్కళంకుడైన వీరుని మనము అనుకరింపలేము. భయపడుచు నిలిచిన కాపరి మనకు దగ్గరివాడు.

7. దైవశాస్త్ర పరిశీలన

తెగులు కాలములో పారిపోవచ్చునా అను ప్రశ్నకు మార్టిన్ లూథర్ 1527లో ఒక బహిరంగ లేఖ ద్వారా జవాబు ఇచ్చారు. బోధకులు, అధికారులు, సేవ చేయు బాధ్యత గలవారు నిలువవలెనని, అట్టి బాధ్యత లేనివారు వెళ్లుట పాపము కాదని, తెగులును నిర్లక్ష్యముగా ఇతరులకు అంటించువాడు దేవుని శోధించుచున్నాడని ఆయన వాదము. యోహాను 10:11-13లో మంచి కాపరికి, జీతగానికి గల భేదము కాపరి నిలుచుటకు ఆధారమైతే, లేవీయకాండము 13:46లోని పాళెము వెలుపలి నివాసము సమాజ క్షేమమునకు సంబంధించినది. ఈ రెండు లేఖన ధారలు ఈమ్‌లో కలిసినవి. రెండవదానిని మొదటిది లేకుండ అమలుపరిస్తే రోగి వెలివేయబడతాడు. మొదటిదానిని రెండవది లేకుండ బోధిస్తే కాపరి వీరుడవుతాడు గాని సంఘము నశిస్తుంది. సరిహద్దు రాయి వద్ద ఆహారము పెట్టబడినంతకాలము ఎడబాటు వెలివేత కాలేదు.

8. మన సంఘములకు

ఈమ్‌లో విడిపోయి నిలిచిన రెండు సంప్రదాయములు మనకు దూరమైనవి కావు. మొంపెస్సన్ ఆంగ్లికన్ సంఘమునకు, స్టాన్లీ పదవి కోల్పోయిన ప్యూరిటన్ల పక్షమునకు చెందినవారు. అట్టివారి వారసులైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘములు, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములతో కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనవి. దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య ఆ ఐక్యత కొరకు 1919లో తరంగంబాడి సమావేశము నుండి శ్రమించి, అది నెరవేరకముందే 1945లో మరణించారు. శ్రమలో కలిసిన చేతులు చట్టము మీద వ్రాసిన విభజనకంటె ఎక్కువ కాలము నిలుస్తాయని ఈ రెండు చరిత్రలు చెప్తున్నవి.

కాపరులకు, విద్యార్థులకు మూడు ఆచరణాత్మక సూచనలు:

(అ) మీ సంఘపు బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లను చెదల నుండి, వాన నుండి కాపాడండి. ప్రతి పుటను ఫోటో తీసి మరియొక చోట భద్రపరచండి. 2020, 2021 సంవత్సరాలలో మృతులైనవారి పేర్లు అందులో ఉన్నవో లేవో చూచి, లేనియెడల కుటుంబములను అడిగి చేర్చండి.

(ఆ) ఆలయ పునాది రాయి మీది వ్రాతలను, పాత సమాధుల మీది పేర్లను చెరిగిపోకముందే నకలు తీయండి. క్రొత్త ఆలయము కట్టునప్పుడు పాత బాప్తిస్మపు తొట్టిని, ప్రసంగపీఠమును పారవేయకండి.

(ఇ) వృద్ధులు చెప్పే సంఘ చరిత్రను వ్రాసికొనండి. అయితే ఏది రిజిస్టరులో ఉన్నదో, ఏది జనశ్రుతియో ప్రక్కప్రక్కన వేరుగా గుర్తించండి. జనశ్రుతిని పారవేయనవసరము లేదు. దానిని జనశ్రుతిగా నమోదు చేస్తే చాలును.

ముగింపు

మొంపెస్సన్ 1669లో నాటింగమ్‌షైర్‌లోని ఈక్రింగ్ గ్రామమునకు వెళ్లారు. ఆయన తెగులు ఊరినుండి వచ్చినవాడని అక్కడివారు మొదట భయపడి దగ్గరకు రానీయలేదని, కొంతకాలము ఊరి వెలుపల చెట్టు క్రింద ప్రసంగించారని చెప్తారు. ఇతరుల కొరకు ఒక ఊరిని మూసిన కాపరికి మరియొక ఊరు తలుపు మూసినది. ఆయన ఆ సంఘమునే సేవించి 1709లో మరణించారు.

నేడు ఆగస్టు చివరి ఆదివారము ఈమ్ ప్రజలు ‘ప్లేగు ఆదివారము’ ఆచరిస్తారు. వారు ఆలయము విడిచి కక్లెట్ డెల్ఫ్ లోయకు నడిచి వెళ్లి, 1666లో తమ పితరులు నిలిచిన గడ్డి మీదనే నిలిచి ఆరాధిస్తారు. శతాబ్దముల ఆలయము అందుబాటులో ఉండగా, సంవత్సరమునకు ఒక్క దినమైనను దాని వెలుపల నిలుచుట ఆ గ్రామము తన వారసత్వమును కాపాడుకొను విధానము. 2020లో మూసిన తలుపుల జ్ఞాపకమును మన సంఘములు ఏ విధముగా భద్రపరచుకొనునో ఆలోచించుటకు ఇది తగిన సమయము.